ముఖం చూపని మనవరాలు

రెండో రోజు కూడా వియ్యంకుల ఇంటి నుంచి వచ్చిన పళ్లేన్ని తోరికా ముట్టలేదు. కొబ్బరిపాలలో ఉడికించిన చేప, చేమదుంపలు, పైన అరిటాకు. పాస్టరుగారి భార్య రెబేకా పొద్దున్నే తెచ్చి గుమ్మం పక్కన పెట్టింది. ఇప్పుడు ఈగలు ముసురుతున్నాయి. తోరికా మాత్రం తన చెక్కపెట్టె మీద కూర్చుని, కదిలితే ఎవరైనా దాన్ని ఎత్తుకుపోతారన్నట్టు బిగుసుకుపోయింది.

బయట కొత్త సంవత్సరం ఆటలు జోరుగా సాగుతున్నాయి. ఆడవాళ్లు బకెట్లతో మగవాళ్లని తరుముతున్నారు. తడిసినవాడి నెత్తిన పౌడరు డబ్బా బోర్లిస్తున్నారు. మా దీవుల్లో ఈ వారం రోజులూ బావామరదళ్లదే రాజ్యం. ఎవరు ఎవరిని ముంచినా కోపం తెచ్చుకోకూడదు.

లోపల మాత్రం కిటికీలన్నీ మూసేశారు. కోడలు ఉనాయిసి ఒళ్లో ఎనిమిది నెలల కూతురు విలిమైనా ముఖం మీది పల్చటి గుడ్డని మాటిమాటికీ లాగేస్తోంది. ఉనాయిసి మళ్లీ కప్పుతోంది.

"ఉక్కగా ఉంది అత్తయ్యా. కాసేపు తీసేస్తాను," అంది.

"తియ్యి. మీ ఊరే కదా. నిన్న అడిగావా, ఇవాళ అడగడానికి?"

ఉనాయిసి గుడ్డ తియ్యలేదు. అలాంటి 'తియ్యి'కి అర్థం ఏమిటో రెండేళ్ల కాపురంలో ఆమెకి బాగానే తెలిసింది.

నిన్న మధ్యాహ్నం వాళ్లు పెళ్లికని బయల్దేరారు. తోరికా అన్న కొడుకు పెళ్లి, ఇంకా మూడు గంటల ప్రయాణం. క్రిస్మస్ ఉనాయిసి భర్త వైసాకే వాళ్ల ఊళ్లో గడిపి, రాజధాని సువాలో ఉద్యోగాలకి తిరిగి వెళ్లేలోపు ఈ పెళ్లి కూడా చూసుకుందామని ఆలుమగలు ఇద్దరూ ముచ్చటపడ్డారు. పడవ నడిపేది సిరేలి, వైసాకేకి పెదనాన్న కొడుకు. దారిలో పెట్రోలు పోసుకోవడానికి తోంబునిక రేవులో ఆపాడు. అది ఉనాయిసి పుట్టిన ఊరే అయినా ఎవరూ దిగకూడదని ముందే అనుకున్నారు.

తొలిచూలు బిడ్డ తల్లి పుట్టింట మొదటిసారి అడుగు పెట్టడమంటే మాటలా. తండ్రి వంశం పెద్దలు మాలో అన్నిటికన్నా గొప్ప కానుకైన తిమింగలం పన్ను పట్టుకుని, చాపలు మోసుకుని ముందు నడవాలి. 'మీ బిడ్డ ముఖం తెచ్చాం, చూడండి' అని అప్పగించాలి. ఆ తరవాతే తాతైనా మేనమామైనా ఆ బిడ్డని ఎత్తుకునేది. ఆ వేడుక ఈస్టరుకి చేద్దామని వైసాకే తండ్రి అపిసాయ్ మాట ఇచ్చాడు.

ఈలోపు ఉనాయిసి మేనత్త కూతురు కెలెరా, నలుగురు ఆడవాళ్లని వెంటేసుకుని నడుంలోతు నీళ్లలోకి దిగొచ్చింది. వదినని పిల్లతో సహా పడవలోంచి ఎత్తుకెళ్లి ఇసుకలో దింపింది. పిల్ల కాళ్లు ఇసుకకి తగిలాయి. రేవంతా పకపకా నవ్వింది. చెట్టు నీడన కూర్చున్న ముసలివాళ్లు మాత్రం నవ్వలేదు. లేచి, ఒక్కొక్కరే ఇళ్లలోకి వెళ్లిపోయారు.

సరిగ్గా అప్పుడే గాలి లేచి సముద్రం తిరగబడింది. వెనక్కి వెళ్లే దారి లేదు, ఊళ్లోకి వెళ్లే మొహం లేదు. చివరికి పాస్టరుగారే దయతలిచి, చర్చికి ఇచ్చేసిన నేల ఏ వంశానికీ చెందదు కాబట్టి తన ఇంట్లో ఉండమన్నారు.

అక్కడికి నలభై అడుగుల దూరంలోనే ఉనాయిసి తండ్రి పెనాయా ఇల్లు. నిన్నటి నుంచి ఆయన తన అరుగు మీద పాస్టరుగారి ఇంటికి వీపు పెట్టి కూర్చున్నాడు. మనవరాలి ఫొటోలు ఎనిమిది నెలలుగా ఫోనులో చూసి చూసి అరగదీసినవాడు, ఆ పిల్ల ఏడుపు చెవిన పడుతున్నా తల తిప్పలేదు.

పదిగంటలవేళ కెలెరా పెరటి గుమ్మం దగ్గరికి వచ్చింది. ఒళ్లంతా తడి, నెత్తినిండా పౌడరు, చేతిలో ఒక అనాసపండు. రాజీకి తెచ్చిన పండు అది.

"నామీద కోపమా వదినా? నువ్వు చెప్పినట్టే కదా చేశాను. మూడింటికి రేవు దాటతాం అన్నావు. రెండింటి నుంచీ నీళ్లలో నానుతూ కూచున్నాను, తెలుసా?"

ఉనాయిసి కళ్లతోనే ఊరుకోమంది. కెలెరా ఊరుకునేసరికే ఆలస్యమైపోయింది. నీళ్ల తొట్టి వెనక పిల్లకని కూజా నింపుతున్న వైసాకే, కూజా అక్కడే పెట్టేసి లేచాడు. కెలెరా అనాసపండుని గట్టు మీద పెట్టి, వచ్చిన దారినే జారుకుంది.

అతను తడి చేతులు తుడుచుకుంటూ పెరటి గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"ఎప్పుడు ఫోన్ చేశావు?" అన్నాడు వైసాకే.

"క్రిస్మస్ మర్నాడు."

ఆ రోజు ఊరు ఊరంతా జలపాతానికి వెళ్లింది. రాతి మీద నుంచి మడుగులోకి దూకడం వైసాకే ఆమెకి నేర్పించాడు. మొదటిసారి కళ్లు మూసుకుని దూకింది, తరవాత ఆపమన్నా ఆగలేదు. పెళ్లయ్యాక అంత నవ్విన రోజు ఇంకొకటి లేదని రాత్రి తనే అంది.

"ఆ రోజు అంత సంతోషంగా ఉన్నావు కదా."

"సంతోషంగానే ఉన్నాను. అందుకే ధైర్యం వచ్చింది."

"ధైర్యం అంటారా దీన్ని? మా అమ్మ ముందు, ఊరి ముందు నన్ను వెధవని చేశావు. నిన్నటి నుంచీ కెలెరాని తిట్టుకుంటున్నాను నేను."

ఉనాయిసి గొంతు తగ్గించింది. పిల్ల పుట్టినప్పుడు ఆగస్టు అన్నారు, ఆగస్టులో క్రిస్మస్ అన్నారు, ఇప్పుడు ఈస్టరు అంటున్నారు, మీ నాన్న నోట ఎప్పుడూ 'వచ్చే పండక్కే' అని గుర్తుచేసింది. తన తండ్రి ఇంటి ముందు నుంచే పడవ పోతుంటే పిల్ల ముఖం కప్పుకుని, తల తిప్పుకుని కూర్చోవాలా అని అడిగింది.

"నవ్వులాటలో లాగేస్తే ఎవరూ తప్పు పట్టరనుకున్నాను," అంది చివరికి.

"నవ్వులాట నీకూ కెలెరాకీ. పిల్లకి కాదు. ముఖం చూపించేదాకా ఈ ఊళ్లో దానికి ఎవరూ ఏ వరసా కారు. ఇక్కడ పుట్టిన నీకు నేను చెప్పాలా?"

ఆడపిల్ల పుట్టింటి మీద బెంగతో తప్పుడు లెక్క వేసుకుంది, అంతే. ఆట మనుషుల్ని క్షమిస్తుంది కాబట్టి ఆచారాన్ని కూడా క్షమిస్తుందనుకుంది. నేనైతే ఆమెని పూర్తిగా తప్పుపట్టలేను. అలాగని సమర్థించనూలేను.

"నాతో చెప్పాల్సింది," అన్నాడు వైసాకే.

"చెబితే?"

చెబితే వద్దనేవాడు. అది ఇద్దరికీ తెలుసు.

"నవ్వు నాలుగు విధాల చేటని ఊరికే అనలేదు," అంది తోరికా లోపలి నుంచి. అంతా విన్నదన్నమాట.

వైసాకే లోపలికి వెళ్లి తల్లి ఎదురుగా నేలమీద కూర్చున్నాడు. అడగాల్సింది నిన్న సాయంత్రమే అడిగాడు. పెట్టెలో తిమింగలం పన్ను ఉంది, దాంతో ఇక్కడి తప్పు కడిగేసుకుందాం అన్నాడు. తోరికా కాదంది. అది తన అన్న కొడుకు పెళ్లికి తీసుకెళ్తున్న పన్ను. పుట్టింటివాళ్ల ముందు వట్టి చేతులతో నిలబడటం కన్నా సముద్రంలో దూకడం నయం అంది. అప్పుడు వైసాకే, చాపలతో ముందే పెళ్లివారి ఊరు చేరుకున్న తండ్రికి ఫోన్ చేశాడు. అపిసాయ్ అంతా విని, "పన్ను పెళ్లిది," అని ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

"గాలి తగ్గింది," అన్నాడు వైసాకే ఇప్పుడు. "మధ్యాహ్నం పోటుకి బయల్దేరకపోతే పెళ్లి అందదు. పన్ను ఇవ్వకుండా వెళ్లిపోతే మాత్రం ఉనాయిసి ఇంక ఈ ఊరి గడప తొక్కలేదు. అమ్మా, నువ్వే చెప్పు."

తోరికా పిల్లని ఇటివ్వమని కోడలికి చేతులు చాపింది.

చేతులు ఖాళీ కాగానే ఉనాయిసి తండ్రి దగ్గరికి నడిచింది. ఆటల్లో ఉన్నవాళ్లు ఆమె వెళ్తుంటే నీళ్లు చల్లడం మానేసి పక్కకి తప్పుకున్నారు. అది ఆమెకి తిట్టు కన్నా ఎక్కువగా తగిలింది. అరుగు కింద నేలమీద కూర్చుంది. పెనాయా కొబ్బరిపీచు తాడు పేనుతున్నాడు.

"నువ్వొచ్చావు. సంతోషం," అన్నాడు. "ఇంకెవరైనా వచ్చారేమో నేను చూళ్లేదు."

"నాన్నా, తప్పు నాది. వాళ్లది కాదు."

"తెలుసు. కెలెరాకి అంత తెలివి లేదు."

ఆయన చేతులు ఆగలేదు. రెండేళ్ల కిందట నువ్వు చెప్పకుండా వెళ్లిపోయి పెళ్లి చేసుకున్నావు, వాళ్లొచ్చి క్షమించమంటే క్షమించాను, అన్నాడు. ఇప్పుడు నీ కూతురు కూడా అలాగే వచ్చింది. పెనాయా ఇంటికి అన్నీ దొడ్డిదారినే వస్తాయని ఊళ్లో నవ్వుకోవాలా అన్నాడు. ఆ ఆఖరి మాట దగ్గర ఆయన తాడుని బిగించి లాగాడు.

"ఒక్కసారి తల తిప్పు నాన్నా. కిటికీ తీయిస్తాను. ఎవరూ చూడరు."

"నేను చూస్తాను కదే," అన్నాడు పెనాయా. "దొంగచాటుగా చూసిన మనవరాలిని రేపు నలుగురిలో ఏ మొహంతో ఎత్తుకోను?"

ఉనాయిసి ఏడుస్తూనే లేచింది. తండ్రి ఏడుస్తున్నాడో లేదో ఆమెకి కనపడలేదు, ఆయన వీపే కనపడుతోంది.

ఆమె తిరిగొచ్చేసరికి పాస్టరుగారి ఇంట్లో కిటికీ ఒకటి తెరిచి ఉంది. పిల్ల ముఖం మీద గుడ్డ లేదు. తోరికా పెట్టె మీద నుంచి లేచి, దాని పక్కన నేలమీద కూర్చుని ఉంది. పెట్టె మూత తెరిచి ఉంది. తాడు కట్టిన తిమింగలం పన్ను, నూనె పట్టించి పట్టించి పసుపురంగు తేలినది, ఆమె ఒళ్లో పిల్ల పక్కనే ఉంది. విలిమైనా దాని తాడు నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది.

"వైసాకేని మా పుట్టింటికి తీసుకెళ్లేసరికి వాడికి నాలుగేళ్లు," అంది తోరికా, కోడలి వైపు చూడకుండా. "మీ మామగారు అప్పుడూ వచ్చే పండక్కే అన్నారు. మూడేళ్ల పండగలు అలాగే పోయాయి. మేం వెళ్లేసరికి మా నాన్న పోయి ఏడాది. వాణ్ని సమాధికి చూపించాం."

వైసాకేకి ఈ సంగతి తెలియదు. తల్లి ముఖంలోకే చూస్తూ ఉండిపోయాడు.

"మరి నాన్న..." అన్నాడు.

"ఆయన సంగతి నేను చూసుకుంటాను. ముందు మాట్లాడేవాణ్ని వెతుకు."

అదీ అసలు చిక్కు. పన్ను ఉంటే సరిపోదు, దాన్ని పట్టుకుని నాలుగు పద్ధతైన మాటలు చెప్పేవాడు కావాలి. తండ్రి తన బిడ్డ తరఫున తనే మాట్లాడకూడదు. ఆడవాళ్లు మాట్లాడరు. వాళ్ల వంశంలో అక్కడున్న ఇంకో మగమనిషి సిరేలి ఒక్కడే. యాభై ఏళ్లుగా చేపల గురించీ ఇంజన్ల గురించీ తప్ప మాట్లాడి ఎరగడు. సంగతి వినగానే అతను పడవ కిందికి దూరి ఏదో బిగించడం మొదలుపెట్టాడు. వైసాకే కాళ్లు పట్టుకుని లాగితే గానీ బయటికి రాలేదు.

తోరికా అరగంట సేపు అతనికి చిలక్కి నేర్పినట్టు నేర్పింది. భూమికి నమస్కారం, పెద్దలకి నమస్కారం, పడమటి గాలికి అడ్డుగా నిలిచిన ఇంటికి నమస్కారం. ఒక నమస్కారం వస్తే రెండోది పోతోంది. వైసాకే నవ్వాపుకోలేకపోయాడు. ఉనాయిసి కూడా నవ్వబోయి, అతని కళ్లు తన వైపు తిరక్కపోయేసరికి మానేసింది.

పాస్టరుగారు కబురు పంపారు. ఆటలు ఆగాయి. పెనాయా ఇంట్లో చాపలు పరిచారు. ఆయన తరఫున మాట్లాడే పెద్దాయన తోమాసి మెళ్లో పూలదండతో వచ్చి కూర్చున్నాడు. సిరేలి ముందు, వైసాకే వెనక, ఆ వెనక తోరికా, చివర ముసుగేసిన పిల్లతో ఉనాయిసి. తన పుట్టింట్లోకి తనే అతిథిలా వంగి నడిచింది. ఈ పన్ను తిప్పి పంపిస్తే ఇంక ఇంకో దారి లేదు.

సిరేలి మోకాళ్ల మీద కూర్చుని పన్నుని రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు. నోరు తెరిచాడు. నేర్పిన నమస్కారాలన్నీ ఎగిరిపోయాయి. చెమట అతని గడ్డం మీద నుంచి చాప మీద పడింది. తోరికా వెనక నుంచి గొణిగింది, అది కూడా అతనికి వినపడలేదు.

"మేం తప్పు చేశాం," అన్నాడు సిరేలి. "పిల్ల ముఖం తెచ్చాం. ఈ పన్ను చిన్నది. మేం దానికన్నా చిన్నవాళ్లం. తీసుకోండి."

అంతే. ఇంకేమీ రాలేదు.

తోమాసి పెనాయా వైపు చూశాడు. పెనాయా నేల చూస్తున్నాడు. ఎంతసేపో. చివరికి తల కొద్దిగా ఆడించాడు. అప్పుడు తోమాసి ముందుకు జరిగి పన్ను అందుకున్నాడు, ఇంట్లో ఉన్నవాళ్లందరూ దోసిళ్లు బోలుగా మూసి చప్పట్లు కొట్టారు.

పన్ను అందింది, తప్పు పోయింది, అన్నాడు తోమాసి. బిడ్డ ముఖం చూపించమన్నాడు.

ఉనాయిసి గుడ్డ తీసింది. పెనాయా తల ఎత్తాడు. ఎనిమిది నెలలుగా ఫొటోల్లో చూసిన ముఖమే. అయినా ఆయన దాన్ని మొదటిసారి చూసినట్టే చూశాడు. చేతులు చాపాడు. విలిమైనా ఏడవకుండా వెళ్లి, ఆయన కళ్లద్దాలు పట్టుకుని లాగింది. ముసలాయన అద్దాలు లేకుండానే, సిగ్గుపడకుండా భోరున ఏడ్చాడు. కెలెరా ఏడ్చింది. ఎప్పుడూ కంటతడి పెట్టని తోరికా నడుముకి చుట్టుకున్న సులు గుడ్డ అంచుతో ముక్కు తుడుచుకుంది.

పొద్దుటి గొడవ తరవాత మొదటిసారి వైసాకే భార్య వైపు చూశాడు.

పెనాయా కళ్లు తుడుచుకున్నాడు. పిల్లని ఒళ్లో సర్దుకున్నాడు. ఈసారి తోమాసి చేత చెప్పించలేదు, తనే మాట్లాడాడు.

"అల్లుడూ, చాపలు రాలేదు. ఫరవాలేదు, చాపలు నా ఇంట్లో ఉన్నాయి. పిల్ల తాత రాలేదు. అది మాత్రం ఫరవాలేదనను. మీ నాన్న వచ్చి ఇదిగో ఈ చాప మీద కూర్చునేదాకా పిల్ల నా దగ్గరే ఉంటుంది."

వైసాకే మోకాళ్ల మీద ముందుకు జరిగాడు.

"మామయ్యా, సోమవారం నా సెలవు అయిపోతుంది. సువా వెళ్లాలి మేము," అన్నాడు వైసాకే.

"వెళ్లు నాయనా. నీ ఉద్యోగం నేను ఆపనా?"

తోరికా నోరు తెరవబోయింది. ఆ మాట న్యాయమైనదని తనకే తోచిందో ఏమో, మళ్లీ మూసేసింది.

మధ్యాహ్నం పోటు నిండింది. సిరేలి ఇంజను వేడి చేస్తున్నాడు. తోరికా ఖాళీ పెట్టె ఒళ్లో పెట్టుకుని పడవలో కూర్చుంది. వైసాకే మోకాలి లోతు నీళ్లలో నిలబడి వెనక్కి తిరిగాడు. ఉనాయిసి పిల్లని చంకనేసుకుని ఒడ్డున ఉంది. ఎలాగైనా ఒప్పించి తీసుకెళ్లాలనే అతను రేవుదాకా రమ్మన్నాడు.

"మా నాన్న రారు. నీకూ తెలుసు," అన్నాడు. "మీ నాన్నని కాళ్లావేళ్లా పడి బతిమాలుదాం. పెళ్లి చూసుకుని అటునుంచి అటే ఇంటికెళ్లిపోదాం. రా."

"నా సంచీలు పడవలో లేవు."

వైసాకే పడవలోకి చూశాడు. నిజమే. ఆమె సంచీ లేదు, పిల్ల బట్టల మూట లేదు, దోమతెర లేదు.

"పొద్దున్నే దింపించింది," అన్నాడు సిరేలి ఇబ్బందిగా. "నువ్వు చెప్పావని అంది."

అందరూ ఇంట్లో చప్పట్లు కొడుతున్నప్పటికే అవి పడవలో లేవన్నమాట. వైసాకే భార్య వైపు తిరిగాడు. "మామయ్య ఆ మాట అంటాడని పొద్దున్నే తెలుసా నీకు?"

"తెలీదు. అనకపోయినా ఉండిపోదామనుకున్నాను," అంది ఉనాయిసి. ఆమె ఏడవడం లేదు. అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది. "నా కూతురి కోసం రెండుసార్లు అబద్ధమాడాను వైసాకే. మూడోసారి ఆడలేను. ఈస్టరుకి మీ నాన్నని తీసుకురా. ఆయన రానంటే నువ్వొక్కడివే రా. చాపలు పట్టుకుని, ముందు దారినే రా."

"ఈలోపు?"

"ఈలోపు నేను మా నాన్న ఇంట్లో ఉంటాను. అది ఇప్పుడు దాని తాత ఇల్లు కూడా."

తోరికా పడవలోంచి కొడుకుని పిలిచింది. పోటు తగ్గబోతోంది. వైసాకే పడవెక్కాడు. వస్తానని అనలేదు, రాననీ అనలేదు. ఇంజను శబ్దంలో ఉనాయిసి ఇంకేదో అంది గానీ, అది అతనికి వినపడలేదు.